డొమైన్ తీసిచ్చిన ఆయన షాపు మూసేశారు, మా కంపెనీ డొమైన్ వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవడం ఎలా?

తోతాపురి_చిత్తూరు
చిత్తూరు దగ్గర మాకు మామిడి పల్ప్ యూనిట్ ఉంది. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు అక్కా నేనూ చూసుకుంటున్నాం. కంపెనీ డాట్ కామ్ డొమైన్‌ని 2013లో తిరుపతిలో ఒక వెబ్ డిజైన్ ఆయన తీసిచ్చారు. సైటు, మెయిళ్లు, రెన్యూవల్ అన్నీ ఆయనే చూసేవారు. ఏటా బిల్లు పంపితే డబ్బులు వేసేవాళ్లం, అంతే. ఈసారి బిల్లు రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఆయన ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

డొమైన్ గడువు వచ్చే నెల 9న అయిపోతుంది. లాగిన్ మా దగ్గర లేదు. ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో కూడా తెలీదు. గల్ఫ్ బయ్యర్ల ఆర్డర్లు, బ్యాంకు పంపే ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, చెల్లింపు హామీ పత్రం) కాపీలు, షిప్పింగ్ కాగితాలు అన్నీ ఆ మెయిల్ ఐడీలకే వస్తాయి. 3.1 కేజీల టిన్ను లేబుల్ మీదా, డ్రమ్ముల స్టిక్కర్ల మీదా అదే అడ్రసు. దీన్ని మా పేరు మీదకి తెచ్చుకుని మంచి రిజిస్ట్రార్ (డొమైన్లు రిజిస్టర్ చేసే కంపెనీ) దగ్గరికి మార్చుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

కుప్పం_కుర్రోడు
కస్టమర్ కేర్‌కి కొట్టండి అన్నా

తోతాపురి_చిత్తూరు
ఎవరి కస్టమర్ కేర్‌కి తమ్ముడూ? ఏ కంపెనీలో ఉందో తెలిస్తే కదా.

పలమనేరు_శీను
ఇంత తలనొప్పి ఎందుకు సామీ. కొత్త డాట్ కామ్ తీసుకోండి, పెద్ద ఖర్చేం కాదు. బయ్యర్లందరికీ "మా మెయిల్ మారింది" అని ఒక మెయిల్ పెట్టండి. లేబుళ్లు ఎలాగూ వచ్చే సీజన్‌కి కొత్తవి కొట్టిస్తారు కదా.

రేణిగుంట_రాజు
శీను గారూ, ఈ సలహా మాత్రం వద్దు. నేను ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్ల పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నా. వదిలేసినంత మాత్రాన డొమైన్ మాయమైపోదు, వేరేవాళ్ల చేతికి పోతుంది. గడువు అయ్యాక కొన్నాళ్లు రిజిస్ట్రార్ చేతిలో ఉంటుంది, తర్వాత 30 రోజులు రిడెంప్షన్ (పాత యజమాని వెనక్కి తెచ్చుకోగలిగే ఆఖరి గడువు), ఇంకో 5 రోజులు డిలీట్ క్యూ, ఆ పైన ఎవరైనా కొనుక్కోవచ్చు. చాలాసార్లు అంతదాకా కూడా రాదు, మధ్యలోనే వేలానికి పెట్టేస్తారు.

కొన్నవాడు మెయిల్ సర్వర్ ఒకటి పెట్టుకుంటే చాలు, మీ ఐడీలకి వచ్చే మెయిళ్లన్నీ వాడికే. ఇన్‌వాయిసు అడుగుతూ బయ్యరు రాసింది చదివి, "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ కంటైనర్ బ్యాలెన్స్ కొత్త ఖాతాకి వేయండి" అని జవాబిస్తాడు. ఏళ్ల తరబడి చూస్తున్న ఐడీ నుంచే వచ్చింది కాబట్టి అవతల అనుమానం రాదు. ఆ ఐడీతో తెరిచిన ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులు కూడా వాడికే పోతాయి. మా క్లయింట్ల మీద ఇలాంటి ప్రయత్నాలు జరగడం నేను చూశాను. పల్ప్ ఎక్స్‌పోర్టర్‌కి డొమైన్ పోవడం అంటే సైటు పోవడం ఒక్కటే కాదు.

పలమనేరు_శీను
మెయిళ్ల సంగతి నిజమే రాజు గారూ. అయినా ముందుజాగ్రత్తగా ఒక కొత్తది తీసి పక్కన పెట్టుకుంటే నష్టం లేదు కదా?

రేణిగుంట_రాజు
లేదు. పాతది వదలనంత వరకూ.

డీఎన్ఎస్_దాసు
తిరుపతిలో హోస్టింగ్ పని చేస్తాను. ఇలాంటి కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మీ డొమైన్ ఇంకా బతికే ఉంది, గడువు కూడా కాలేదు. దారి ఉంది, కంగారు పడకండి.

ముందు ఒక విషయం. మీకు డొమైన్ ఇచ్చిన ఆయన రిజిస్ట్రార్ కాదు, దాదాపు ఖాయంగా రీసెల్లర్. డాట్ కామ్ పేర్ల పెద్ద పుస్తకం వెరిసైన్ అనే కంపెనీ దగ్గర ఉంటుంది. అందులో రాసే హక్కు ఐక్యాన్ (డొమైన్ పేర్ల రూళ్లు చూసే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్లకే ఉంటుంది. వాళ్ల కింద ఊరూరా రీసెల్లర్లు ఉంటారు. రీసెల్లర్ మాయమైనా పైన రిజిస్ట్రార్ ఉన్నాడు. మీరు పట్టుకోవాల్సింది అతణ్ని.

ఐక్యాన్ వాళ్ల లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. ఇదివరకు హూయిజ్ అనేవాళ్లం, 2025 జనవరి నుంచి డాట్ కామ్‌లాంటి వాటికి ఆర్‌డాప్ అనే పద్ధతి వచ్చింది. పేరు ఏదైనా మీకు కావాల్సినవి నాలుగే: రిజిస్ట్రార్ ఎవరు, ఎక్స్‌పైరీ తేదీ, స్టేటస్, నేమ్‌సర్వర్లు (మీ సైటు, మెయిల్ ఎక్కడున్నాయో అడిగినవాళ్లకి చెప్పే సర్వర్లు). యజమాని పేరు దాచేసి ఉండొచ్చు. యూరప్ డేటా చట్టం అమల్లోకి వచ్చిన 2018 నుంచి చాలా రిజిస్ట్రార్లు అది బయటికి చూపించడం లేదు.

లుకప్ కంటే ముందు ఇంకో పని. మెయిళ్లు కూడా ఆయన సర్వర్‌లోనే ఉన్నాయన్నారు కదా. ఆయన ఆ సర్వర్ అద్దె కట్టడం మానేస్తే డొమైన్ ఉన్నా మెయిల్ ఆగిపోతుంది. ఈ రాత్రికే ఏదైనా మెయిల్ ప్రోగ్రాం పెట్టి పాత మెయిళ్లన్నీ మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. దించుకున్నాకే పడుకోండి.

తోతాపురి_చిత్తూరు
దాసు గారూ, అక్క కూర్చుని మెయిళ్లన్నీ దించింది. లుకప్ కూడా చూశాం. రిజిస్ట్రార్ పేరు దొరికింది, పెద్ద కంపెనీయే. తేదీ 9 అనే ఉంది. యజమాని దగ్గర ఏమీ కనబడలేదు, మీరన్నట్టే దాచేశారు. స్టేటస్ దగ్గర "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని ఉంది. ఎవరైనా కేసు వేశారా ఏంటి?

డీఎన్ఎస్_దాసు
అది మామూలు తాళం. దొంగతనంగా ఎవరూ మార్చకుండా రిజిస్ట్రార్లు అలా పెట్టే ఉంచుతారు. యజమాని అడిగితే 5 రోజుల్లో తీసేయాలి, ఆథ్ కోడ్ కూడా అంతే, అది రూలు. "క్లయింట్ హోల్డ్" అని కనిపిస్తే అప్పుడు కంగారు పడాలి, డొమైన్ పనిచేయదు.

నగరి_మగ్గం
ఆథ్ కోడ్ అంటే ఏంటో కొత్తవాళ్ల కోసం: ప్రతి డొమైన్‌కీ ఉండే రహస్య కోడ్, ఈపీపీ కోడ్ అని కూడా అంటారు. పాత రిజిస్ట్రార్ దగ్గర తీసుకుని కొత్త రిజిస్ట్రార్ దగ్గర కొడితే ట్రాన్స్‌ఫర్ మొదలవుతుంది. గుర్తులూ అక్షరాలూ కలిసి గజిబిజిగా ఉంటుంది. కాపీ చేసేటప్పుడు చివర ఒక ఖాళీ తగులుకుంటే "ఇన్‌వాలిడ్" అంటుంది. అది చూసి చాలామంది కోడ్ తప్పు ఇచ్చారనుకుంటారు.

నా సలహా: రెన్యూవల్ డబ్బు పాత కంపెనీకి ఎందుకు కట్టాలి? ట్రాన్స్‌ఫర్ ఫీజులోనే ఒక ఏడాది కలుస్తుంది. కోడ్ తీసుకుని నేరుగా మార్చేసుకోండి.

డీఎన్ఎస్_దాసు
మగ్గం గారూ, లాగిన్ చేతిలో ఉంటే మీరన్నదే సరి. వీళ్ల దగ్గర లాగిన్ లేదు, తాము యజమానులమని రిజిస్ట్రార్‌కి నిరూపించుకోవాలి. దానికి ఎంత టైం పడుతుందో ఎవరూ చెప్పలేరు. తర్వాత కోడ్‌కి 5 రోజులు, ట్రాన్స్‌ఫర్ ఒప్పుకోవడానికి పాత రిజిస్ట్రార్‌కి ఇంకో 5 రోజులు. 9వ తేదీ నెత్తిన పెట్టుకుని ఈ పందెం వేయకూడదు.

గడువు దాటాక రెన్యూవల్ చేసి వెంటనే మారిస్తే ఇంకో చిక్కు. డాట్ కామ్‌లో గడువు అయ్యాక 45 రోజుల వరకూ ఆటో రెన్యూ గ్రేస్ ఉంటుంది. ఆ లోపల ట్రాన్స్‌ఫర్ జరిగితే రెన్యూవల్‌తో కలిసిన ఏడాది రద్దయిపోతుంది, ట్రాన్స్‌ఫర్ ఏడాది ఒక్కటే మిగులుతుంది. గడువుకి ముందే రెన్యూవల్ చేస్తే ఆ ఏడాది ఎక్కడికీ పోదు. మొత్తం 10 ఏళ్లు దాటనంత వరకూ ట్రాన్స్‌ఫర్ ఏడాది దాని మీద కలుస్తుంది. అందుకే పాత చోటే, 9 లోపే, రెన్యూవల్.

నగరి_మగ్గం
45 రోజుల సంగతి కరెక్టే. ఒప్పుకుంటున్నా. కానీ రెన్యూవల్ అయిన వెంటనే అయినా మార్చుకోమనండి, ఆ రీసెల్లర్ ఖాతాలో ఒక్కరోజు కూడా ఉంచకూడదు.

డీఎన్ఎస్_దాసు
రీసెల్లర్ ఖాతాలోంచి తీయడం, రిజిస్ట్రార్ మార్చడం రెండూ వేర్వేరు పనులు. మొదటిది ముఖ్యం. అదే రిజిస్ట్రార్ దగ్గర వీళ్ల పేరుతో నేరుగా ఖాతా తెరిచి డొమైన్ అందులోకి వేయించుకోవచ్చు.

ఇక్కడే 60 రోజుల రూలు వస్తుంది. యజమాని పేరు, సంస్థ పేరు, మెయిల్ ఐడీ వీటిలో ఏది మార్చినా 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి పోకుండా లాక్ పడుతుంది. 2016 డిసెంబరు నుంచి ఉన్న రూలు ఇది. కొన్ని రిజిస్ట్రార్లు మార్చే ముందు "లాక్ వద్దు" అనే ఆప్షన్ ఇస్తాయి, ఇస్తే టిక్ పెట్టుకోవచ్చు. ఇవ్వకపోయినా నష్టం లేదు. పేరు మీది అయ్యాక, ఏడాది గడువు చేతిలో ఉన్నాక 60 రోజులు ఆగితే ఏం పోయింది?

యజమాని మెయిల్ ఐడీగా మీ కంపెనీ డొమైన్ ఐడీ మాత్రం ఇవ్వొద్దు. డొమైన్ ఆగిన రోజు ఆ మెయిలూ ఆగుతుంది, ఆథ్ కోడ్, రెన్యూవల్ హెచ్చరిక, ఓటీపీ ఏదీ అందదు. తాళంచెవి ఇంట్లో పెట్టి బయట నిలబడి తలుపు లాగేసుకున్నట్టే. అక్కా తమ్ముడూ ఇద్దరూ చూసే వేరే ఐడీ ఒకటి ఇవ్వండి.

కలంకారి_కాళహస్తి
దాసు గారు చెప్పిన ఖాతా మార్పిడి మాకు బాగా పనికొచ్చింది. మాది శ్రీకాళహస్తిలో కలంకారి షాపు. డొమైన్ డిజైనర్ పేరు మీదే ఉండేది. ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగాక డొమైన్ కావాలంటే పెద్ద మొత్తం అడిగాడు. వాదన పెట్టుకోకుండా, పాత బిల్లులు, మేము డబ్బు వేసిన బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి లాయర్ నోటీసు పంపించాం. కోర్టుకి పోవాల్సిన పని పడలేదు. అతనున్న రిజిస్ట్రార్ దగ్గరే మేమూ ఖాతా తెరిచాం, నోటీసు అందాక "పుష్" అనే ఆప్షన్‌తో అతనే మా ఖాతాలోకి వేశాడు. ఫీజు లేదు, కోడ్ లేదు, కూర్చున్న చోటే అయిపోయింది. నచ్చిన చోటికి తీరిగ్గా తర్వాత మార్చుకున్నాం.

తోతాపురి గారూ, 2013 నాటి బిల్లు వెతకండి. దానికున్న బలం దేనికీ లేదు.

కుప్పం_కుర్రోడు
మధ్యలో ఒక్క మాట, ఆ పల్ప్ విడిగా అమ్ముతారా అన్నా?

తోతాపురి_చిత్తూరు
ముందు డొమైన్ నిలబడనీ తమ్ముడూ, ఒక టిన్ను నీ ఇంటికే పంపిస్తా. కలంకారి అక్కా, 2013 బిల్లు నాన్నగారి ఫైల్లో దొరికింది. మా కంపెనీ పేరు, డొమైన్ పేరు రెండూ దాని మీద ఉన్నాయి.

అడ్వకేట్_తిరుచానూరు
ఆ బిల్లు కలర్ స్కాన్ తీసి రెండు మూడు చోట్ల దాచండి. తర్వాత ఏటా కట్టిన డబ్బుల స్టేట్‌మెంట్లు, పాత లేబుళ్లు, డొమైన్ కనిపించే ఇన్‌వాయిసులు కూడా.

చట్టం మీ వైపే ఉంది. సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు డొమైన్ పేరుకి కూడా వ్యాపార పేరుకుండే రక్షణ వర్తిస్తుందని తేల్చింది. ఐక్యాన్‌కి యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార పద్ధతి 1999 నుంచి ఉంది. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒకే ప్యానెలిస్టుతో (తీర్పరితో) వేస్తే 5 డొమైన్ల వరకూ ఫీజు 1500 డాలర్లు. అయితే అందులో అవతలివాడు మొదటి నుంచీ దురుద్దేశంతోనే ఆ పేరు తీసుకున్నాడని నిరూపించాలి. మీ రీసెల్లర్ మీ కోసమే తీసి ఏళ్ల తరబడి నడిపాడు, కాబట్టి అది మీకు తేలికైన దారి కాదు. ముందు రిజిస్ట్రార్‌కి కాగితాలు పెట్టండి. వాళ్లు ససేమిరా అంటేనే నోటీసు, కోర్టు.

మదనపల్లె_టమోటా
మాకు డాట్ ఇన్ ఉంది. ఈ 60 రోజులు, 45 రోజులు మాకూ వర్తిస్తాయా?

డీఎన్ఎస్_దాసు
ఇక్కడ చెప్పుకున్నవి డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి. డాట్ ఇన్ మన దేశం కోడ్, నిక్సీ అనే సంస్థ చూస్తుంది, రూళ్లు వేరు. మార్చడానికి అక్కడా ఆథ్ కోడ్ కావాలి. గొడవ వస్తే యూడీఆర్‌పీ కాదు, ఐఎన్‌డీఆర్‌పీ అనే డాట్ ఇన్ వివాద పద్ధతి కింద నిక్సీ ఆర్బిట్రేటర్‌ని వేస్తుంది. గ్రేస్ రోజుల సంగతి మీ రిజిస్ట్రార్‌నే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. డాట్ కామ్ లెక్కలు దానికి వేసుకోవద్దు.

తోతాపురి_చిత్తూరు
రిజిస్ట్రార్ నుంచి జవాబు వచ్చింది. "మీ డొమైన్ రీసెల్లర్ ద్వారా కొన్నది, మీ రీసెల్లర్‌ని సంప్రదించండి" అని ఒక్క లైను. ఆయన లేడనే కదా వీళ్లకి రాసింది!

రేణిగుంట_రాజు
ఆ జవాబు మనిషి రాసింది కాదు. వదలకండి, మళ్లీ రాయండి.

డీఎన్ఎస్_దాసు
అవును. రాసేటప్పుడు ఈ మాట పెట్టండి: ఐక్యాన్‌తో రిజిస్ట్రార్లు చేసుకున్న 2013 ఒప్పందం ప్రకారం రీసెల్లర్ చేయాల్సిన పనులకి కూడా బాధ్యత రిజిస్ట్రార్‌దే. గడువుకి నెల ముందు, వారం ముందు రావాల్సిన రెన్యూవల్ హెచ్చరికలు మాకు అందడం లేదు, అవి మూతపడ్డ రీసెల్లర్ ఐడీకి పోతున్నాయని అనుకుంటున్నాం అని కూడా రాయండి. స్పందన లేకపోతే ఐక్యాన్ కంప్లయన్స్‌కి (రూళ్లు పాటిస్తున్నారో చూసే విభాగానికి) ఫిర్యాదు చేస్తామని మర్యాదగా చివర చేర్చండి. అది బెదిరింపు కాదు, మీ హక్కు. ఆ ఫిర్యాదు ఫారానికి ఫీజు లేదు.

నగరి_మగ్గం
రిజిస్ట్రార్ మారేనాటికి పనికొచ్చే ముక్క ఒకటి ఇప్పుడే చెప్పేస్తా. నగరిలో మా మేనమామకి పవర్‌లూమ్ వ్యాపారం ఉంది. ట్రాన్స్‌ఫర్ సాఫీగా అయింది, సైటు కూడా నడిచింది. కొన్నాళ్లకి ఉన్నట్టుండి మెయిళ్లు ఆగిపోయాయి. చూస్తే నేమ్‌సర్వర్లు పాత రిజిస్ట్రార్‌వే ఉన్నాయి. కస్టమర్ వెళ్లిపోయాడు కాబట్టి వాళ్లు ఆ రికార్డులు తీసేశారు. సేలం నుంచి రావాల్సిన ఆర్డర్లు తిరిగి పోయాయి, ఇటు ఎవరికీ తెలియలేదు.

డీఎన్ఎస్_దాసు
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క. ట్రాన్స్‌ఫర్‌లో నేమ్‌సర్వర్లు వాటంతటవి మారవు. కాబట్టి ముందే డీఎన్ఎస్‌ని (సైటు, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే రికార్డుల పట్టికని) విడిగా ఒక చోటికి తెచ్చుకోండి. ఎంఎక్స్ (మెయిల్ దారి చెప్పేది), ఏ రికార్డు (సైటు దారి చెప్పేది), మెయిల్ స్పామ్‌లో పడకుండా పెట్టిన టెక్స్ట్ రికార్డులు అన్నీ అక్కడ ముందే రాసుకుని, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చండి. బయట నుంచి రికార్డులు చూసే ఉచిత టూల్స్ ఉన్నాయి, లాగిన్ అక్కర్లేదు. డీఎన్ఎస్ సెక్ (ఆ రికార్డులు అసలువేనని రుజువు చేసే డిజిటల్ సంతకం) పెట్టి ఉంటే ముందు దాని డీఎస్ రికార్డు తీయించాలి, లేకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా సైటు తెరుచుకోదు.

తోతాపురి_చిత్తూరు
శుభవార్త. రెండో మెయిల్‌కి మనిషి జవాబిచ్చాడు. కంపెనీ లెటర్‌హెడ్ మీద లేఖ, పాన్, జీఎస్‌టీ సర్టిఫికెట్, పాత బిల్లులు అడిగారు. పంపాం. డొమైన్ రికార్డులో సంస్థ పేరు మాదే ఉందట! మెయిల్ ఐడీ ఒక్కటే రీసెల్లర్‌ది. ఇవాళ మా కొత్త ఖాతాలోకి వేశారు, రెన్యూవల్ కట్టేశాం, మెయిల్ ఐడీ మార్చాం. లాక్ వద్దనే ఆప్షన్ వాళ్ల దగ్గర లేదు, 60 రోజులు ఆగాల్సిందే. ఆగుతాం. 9వ తేదీ భయం పోయింది. అక్క అందరికీ థాంక్స్ చెప్పమంది.

కలంకారి_కాళహస్తి
చాలా సంతోషం. సంస్థ పేరు రాసి పెట్టినందుకు ఆ రీసెల్లర్‌ని కూడా ఒక మాట మెచ్చుకోవాలి. చాలామంది తమ పేరే రాసుకుంటారు.

పలమనేరు_శీను
నేనూ ఇప్పుడే మా స్కూల్ డొమైన్ లుకప్ కొట్టి చూశా. గడువు ఇంకా ఉంది. మా డిజైనర్‌కి ఫోన్ చేసి లాగిన్ అడుగుతున్నా.

తోతాపురి_చిత్తూరు
60 రోజులు అయిపోయాయి. తాళం తీశాం, కోడ్ తీసుకున్నాం, కొత్త రిజిస్ట్రార్ దగ్గర డబ్బు కట్టాం. ఇప్పుడు పాత వాళ్ల నుంచి ఒక మెయిల్ వచ్చింది. "ట్రాన్స్‌ఫర్ ఆపాలంటే ఈ లింకు నొక్కండి" అంటోంది. నొక్కాలా వద్దా?

డీఎన్ఎస్_దాసు
నొక్కొద్దు! ఆ లింకు ఆపడానికే. ఏమీ చేయకపోతే 5 రోజుల తర్వాత దానంతటదే వెళ్లిపోతుంది. పాత ఖాతాలో "అప్రూవ్" బటన్ ఉంటే నొక్కండి, ఇంకా తొందరగా అవుతుంది.

తోతాపురి_చిత్తూరు
అయిపోయింది. అప్రూవ్ బటన్ ఉంది, నొక్కాం. కొత్త ఖాతాలో ఎక్స్‌పైరీ చూస్తే పాత తేదీ మీద రెండేళ్లు కలిశాయి, రెన్యూవల్‌ది ఒకటి, ట్రాన్స్‌ఫర్‌ది ఒకటి. నేమ్‌సర్వర్లు ముందే వేరే చోటికి తెచ్చుకున్నాం కాబట్టి మెయిల్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. తాళం మళ్లీ వేశాం, లాగిన్‌కి రెండో స్టెప్ పెట్టాం, ఆటో రెన్యూవల్ ఆన్ చేశాం.

మదనపల్లె_టమోటా
అన్నా, రిజిస్ట్రార్‌కి పంపిన లేఖలో ఏం రాశారో కాస్త చెప్పండి. మా డిజైనర్ కూడా ఊళ్లో లేడు.

తోతాపురి_చిత్తూరు
ఒక్క పేజీయే. పైన డొమైన్ పేరు, మొదటిసారి తీసుకున్న ఏడాది, మొదటి బిల్లు నంబరు. కింద: ఈ డొమైన్ మా కంపెనీ వాడుతున్నది, ఫలానా రీసెల్లర్ ద్వారా కొన్నాం, ఫోన్‌కి గానీ మెయిల్‌కి గానీ ఆఫీసు అడ్రసులో గానీ అతను దొరకడం లేదు. డొమైన్‌ని మీ దగ్గర మేం తెరిచిన ఈ ఖాతాలోకి మార్చండి, యజమాని మెయిల్ ఐడీ ఇది పెట్టండి. సంతకం చేసినవాళ్లకి కంపెనీ తరఫున అధికారం ఉందని బోర్డు తీర్మానం కాపీ జత చేశాం, పార్ట్‌నర్‌షిప్ అయితే డీడ్ కాపీ అన్నారు. సంతకం, సీలు, తేదీ. స్కాన్ స్పష్టంగా ఉండాలి, మా మొదటి పాన్ కాపీ మసగ్గా ఉందని మళ్లీ అడిగారు. ఇంగ్లీషులోనే రాయండి, వాళ్ల సపోర్ట్ టీం చెన్నైలోనో ముంబైలోనో కాదు, ఎక్కడో బయటి దేశంలో ఉంది.